శివారు పొలం

ఆహ్వానపత్రం అందినవాళ్లలో చాలామంది నాకు ఫోన్ చేశారు. అందరిదీ ఒకటే ప్రశ్న: ‘స్మారకోపన్యాసం అన్నారు, ఎవరి స్మారకమో వేయలేదు. అచ్చుతప్పాండీ?’ అచ్చుతప్పు కాదు. ఈ ఉపన్యాస నిధికి డబ్బు కట్టినావిడ పెట్టిన షరతు. భర్త పేరు వేయకూడదు, ఊరు చెప్పకూడదు, వేదిక మీద ఫొటో పెట్టి దండ వేయకూడదు. ఈ మూడూ వద్దన్నాక, కావలసింది ఒక్కటే చెప్పింది. ‘ఆయనకేటయిందో నలుగురికీ ఇడమరిసి సెప్పండి బాబూ. మా పేరెత్తకండి, అంతే.’

కాబట్టి పేరు లేకుండానే చెబుతాను. ఆయన చెరకు రైతు. మన చోడవరం చుట్టుపక్కల ఊరే. అప్పటికి మనమంతా విశాఖ జిల్లావాళ్లం. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా అయ్యాం గానీ నా నోటికి ఇంకా పాతదే వస్తుంది. పండిన చెరకులో కొంత గోవాడ ఫ్యాక్టరీకి తోలేవాడు. మిగిలింది గానుగాడించి, బెల్లం వండి, దిమ్మలు అనకాపల్లి మార్కెట్టుకి వేసేవాడు. పెనం దగ్గర పూటంతా నిలబడి, పాకం వాసన పట్టి దించే సమయం చెప్పగల మనిషి. నలభై ఎనిమిదో ఏట నా దగ్గరికొచ్చాడు. నేనప్పుడు ప్రభుత్వ వైద్యుణ్ణి. ఏ ఆసుపత్రో ఇక్కడ అనవసరం. ‘నరాల బలహీనతండి. బలానికేదైనా సూదెయ్యండి’ అన్నాడు. బయట వరసలో అరవైమంది ఉన్నారు. మనిషిని చూశాను, నీరసం అనుకున్నాను, బీ కాంప్లెక్స్ రాశాను. రెండు నెలలకి మళ్లీ వచ్చాడు. అదే మాట, అదే సూది. మూడోసారి వచ్చినప్పుడు గదిలో నర్సమ్మ ఉంది. ఆమె వెళ్తుందేమోనని కాసేపు తలుపు వైపు చూశాడు. ఆమె వెళ్లలేదు. ఆయన చీటీ తీసుకుని వెళ్లిపోయాడు. నాలుగోసారి రాలేదు.

మూడేళ్ల తరవాత గానుగ సీజనులో, పెనం దగ్గరే, గుండె పట్టుకుని కూలిపోయాడు. ఆసుపత్రికి తెచ్చేసరికే ప్రాణం లేదు.

ఆ మూడేళ్లలో ఏం జరిగిందో చాలా ఏళ్లకి ఆయన భార్య చెప్పింది. మొదట మంచం పంచలోకి మార్చాడట. తరవాత చెరకు కాపలా అని కళ్లంలోనే పడుకోవడం మొదలుపెట్టాడట. పోయాక అటక దులిపితే గోనెసంచి నిండా డబ్బాలు, సీసాలు, పొడి పొట్లాలు దొరికాయి. పట్నంలో ఒక లాడ్జిలో నెలకోసారి గది తీసుకుని కూర్చునే మనిషి దగ్గర కొన్నవి. గుట్టుగా దాచుకోవడానికి అటక, గుట్టుగా కొనుక్కోవడానికి లాడ్జి. నా గదిలోనే గుట్టు లేకపోయింది.

ఇవాళ్టి విషయం మగవాడి అంగస్తంభనలో వచ్చే మార్పు. మాట పైకి అనేశాను కనక ఇక మనం స్థిమితంగా కూర్చోవచ్చు. ఆడవాళ్లు లేచిపోతారేమోనని నిర్వాహకులు బెంగపడ్డారు. చూస్తున్నాను, ఒక్కరూ కదల్లేదు. మగవాళ్లే ఇద్దరు, మోగని ఫోను చెవికి పెట్టుకుని బయటికి నడిచారు.

‘నరాల బలహీనత’ దగ్గర మొదలుపెడతాను. మన వైపు ఈ మాటకి నిఘంటువులో లేని అర్థం ఒకటుంది. బస్‌స్టాండు గోడలకీ మరుగుదొడ్డి తలుపులకీ అంటించే కాగితాల మీద ఉండేది ఈ మాటే. నేను వైద్యం చదివినవాణ్ణి కనక నరం అంటే మెదడు నుంచి కబురు మోసే నాడి అనుకున్నాను. తప్పింది అక్కడే. మన ఊళ్లో నరమంటే ఏమిటో చూడండి. ‘చేతుల మీద నరాలు తేలాయి’ అంటాం. అవి రక్తం పారే సిరలు. ‘నరానికి సూది వేశారు’ అంటాం, వేసింది రక్తనాళంలోకి. ‘మెడ నరం పట్టేసింది’ అంటాం, పట్టేసింది కండరం. కబురు మోసేదీ నరమే, రక్తం మోసేదీ నరమే, బిగిసేదీ నరమే. విడివిడిగా పేర్లు పెట్టుకోకుండా మూడింటినీ ఒకే మోపుగా కట్టేశాం. ఆ రైతు నాకు అక్షరాలా నిజమే చెప్పాడు. ఆయన నరాలు, అంటే రక్తనాళాలు, దెబ్బతింటున్నాయి. నేను విన్నది వేరే నరం, రాసింది దానికి సూది.

స్తంభన ఎలా జరుగుతుందో రైతులకి చెప్పడం నాకు ఎప్పుడూ కష్టం కాలేదు. మడికి నీరు పెట్టడం తెలిసినవాడికి ఇది తెలిసినట్టే. కాలవలో నీరు రావాలి. నీరు కట్టే మనిషి వచ్చి మడవ తెరవాలి. మడి నిండాక నీరు నిలవాలంటే గట్టుకి గండి ఉండకూడదు. మగవాడి అవయవంలో పక్కపక్కన రెండు పొడుగాటి మెత్తని గొట్టాలున్నాయి, స్పాంజిలాంటివి. అవే మడులు. మామూలప్పుడు వాటి గోడల్లోని సన్నని కండరం బిగుసుకుని ఉంటుంది, మడవ మూసినట్టు. మనసులో కోరిక కలిగినా, తాకిడి తగిలినా, నాడుల చివర్ల నుంచీ రక్తనాళాల లోపలి పొర నుంచీ నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు రవ్వంత పుడుతుంది. దాని కబురుతో కణాల్లో సీజీఎంపీ అనే పదార్థం తయారవుతుంది. అది కండరాన్ని సడలిస్తుంది. మడవ తెరుచుకుంటుంది, రక్తం దూకుతుంది, స్పాంజి ఉబ్బుతుంది. ఉబ్బిన స్పాంజి తన చుట్టూ ఉన్న గట్టి తొడుక్కి సిరల్ని అదిమేస్తుంది. బయటికి పోయే దారి మూతపడి రక్తం నిలుస్తుంది. పని అయ్యాక పీడీఈ5 అనే ఎంజైము సీజీఎంపీని విరిచేస్తుంది, కండరం మళ్లీ బిగుస్తుంది, మడి ఖాళీ.

ఇందులో ఒక చిత్రం గమనించండి. బయటికి బిగుసుకున్నట్టు కనిపించేది లోపల సడలింపు. పళ్లు బిగించి, పంతం పట్టి సాధించే పని కాదిది. భయపడినప్పుడూ పరీక్షలో కూర్చున్నట్టు అనిపించినప్పుడూ ఒంట్లో అడ్రినలిన్ జాతి రసాయనాలు పెరుగుతాయి. అవి కండరాన్ని బిగిస్తాయి, అంటే మడవ మూసేస్తాయి. అచ్యుతాపురం సెజ్‌లో రాత్రి షిఫ్టులు చేసే కుర్రాడు, పెళ్లయిన వారానికి, మొహం వేలాడేసుకుని వస్తాడు. ‘తెల్లారి లేచేసరికి ఎలా ఉంటుందోయ్?’ అని అడుగుతాను. బాగానే ఉంటుందంటాడు. ఆరోగ్యంగా ఉన్న మగవాడికి నిద్రలో రాత్రికి మూడు నుంచి అయిదుసార్లు స్తంభన దానంతటదే వస్తుంది. తెల్లవారుజామున చూసేది వాటిలో ఆఖరుది. అది ఉందంటే కాలవ బాగుంది, గట్టు బాగుంది, నీరు కట్టే మనిషే భయపడుతున్నాడన్నమాట. వాడికి కావలసింది నిద్ర, కాస్త వ్యవధి, తొందరపెట్టని పెళ్లాం, వాళ్లమ్మ ‘విశేషం ఏమైనా ఉందా’ అని అడక్కపోవడం. హఠాత్తుగా మొదలై, ఒకచోట ఉండి ఇంకోచోట లేకుండా పోయేది మనసు వైపు నుంచి వచ్చిందై ఉండవచ్చు. నెలలూ ఏళ్లూ నెమ్మదిగా తగ్గుతూ, తెల్లవారుజాముది కూడా తగ్గిపోతే అది కాలవ సంగతి. నిజానికి చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. కాలవ పూడడం మొదలై ఒక రాత్రి తప్పుతుంది, మర్నాడు భయం వచ్చి కూర్చుంటుంది.

ఇక ఈ ఉపన్యాసానికి పేరు పెట్టుకున్న శివారు పొలం దగ్గరికి వద్దాం.

రైవాడ ఆయకట్టు గానీ కోనాం ఆయకట్టు గానీ, కాలవ పూడిపోతే ముందు తెలిసేది ఎవరికి? తూము పక్కన ఉన్నవాడికి కాదు. వాడికి నీళ్లు పారుతూనే ఉంటాయి, వాడి చేను పచ్చగానే ఉంటుంది. శివారు రైతు మొదట ఎండిపోతాడు. అర్జీ పట్టుకుని తిరిగేది వాడే, ఎవరూ నమ్మనిదీ వాణ్ణే. శరీరంలోనూ అంతే. గుండెకి రక్తం పంపే నాళాల వెడల్పు సుమారు 3, 4 మిల్లీమీటర్లు. మెడలోంచి మెదడుకి వెళ్లేవి ఇంకా పెద్దవి, 5 నుంచి 7. అంగానికి వెళ్లే ధమని 1, 2 మిల్లీమీటర్లే. పూడిక ఏ ఒక్క నాళాన్నో ఎంచుకుని రాదు. సుగరు, బీపీ, చుట్టపొగ, కొవ్వు నాళాలన్నిటి లోపలి పొరనీ ఒకేసారి పాడుచేస్తాయి. అదే మేట సన్న కాలవని ముందు ఆపుతుంది, పెద్ద కాలవని తరవాత. 2005లో ఇటలీ గుండె వైద్యుడు పియెరో మోంటోర్సీ బృందం ఈ నాళాల వెడల్పు వాదాన్ని పత్రికకెక్కించింది. గుండెజబ్బుతో వచ్చిన మగవాళ్లని అడిగితే చాలామంది స్తంభన సమస్య ఛాతీనొప్పి కంటే ముందే వచ్చిందన్నారు. ఆ ముందు అనేది సాధారణంగా రెండు నుంచి అయిదేళ్లు.

మూడేళ్లు. ఆ రైతు నా గదిలో మొదటిసారి కూర్చున్ననాటికీ పెనం దగ్గర పడిపోయిన నాటికీ మధ్య ఉన్నది అంతే. శివారు రైతు మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాడు. నేను బీ కాంప్లెక్స్ మంజూరు చేశాను.

ఆయనకి నేనప్పుడు చేయవలసిందేమిటి? బీపీ చూడాలి. పరగడుపున సుగరు, మూణ్ణెల్ల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొవ్వు పరీక్ష రాయాలి. నడుం చుట్టూ టేపు పెట్టాలి. చుట్ట ఎన్ని, మందు ఎంత, మెట్లెక్కితే ఆయాసం ఉందా అని అడగాలి. కోరికే తగ్గిందంటే పొద్దుటి పూట టెస్టోస్టిరాన్ పరీక్ష. మధ్యాహ్నానికి దాని మట్టం పడిపోతుంది కనక సాయంత్రం తీసిన రక్తంతో తీర్పు చెప్పకూడదు, తక్కువొస్తే ఇంకోరోజు మళ్లీ తీయాలి. ఇందులో ఏదీ పెద్ద ఖర్చుది కాదు. అన్నిటికంటే ముందు నర్సమ్మని ఒక్క నిమిషం బయటికి పంపాలి.

సుగరు సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి, మనది బెల్లం సీమ కనక. భారత వైద్య పరిశోధన మండలి పెద్ద అధ్యయనం 2023లో వెలువడింది. దాని లెక్కలో దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్లు; పెద్దవాళ్లలో నూటికి 11.4 మంది. సుగరు ఉన్నవాడికి స్తంభన సమస్య మిగతావాళ్ల కంటే పది పదిహేనేళ్లు ముందే రావచ్చు, ఎందుకంటే అది కబురు మోసే నాడినీ, రక్తం మోసే నాళాన్నీ రెండింటినీ తింటుంది. మూడు నరాల మోపు అన్నానే, సుగరు ఆ మోపంతటినీ పట్టుకుంటుంది. మన దగ్గర ఇంకో నమ్మకం ఉంది: పంచదార తినకూడదు గానీ బెల్లం ఫర్వాలేదని. బెల్లంలో ఇనుమూ గినుమూ కాస్త ఉన్నా మిగతాదంతా చక్కెరే. అనకాపల్లి దిమ్మ మీద నాకెంత గౌరవమున్నా ఈ మాట చెప్పక తప్పదు. ఎదురుగా కూర్చున్న బెల్లం వ్యాపారులు క్షమించాలి.

‘ఈ వయసులో ఇంకేమిటండీ, కృష్ణా రామా అనుకోక’ అనే మాట కూడా తరచు వింటాను. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో 40 నుంచి 70 ఏళ్ల మధ్య మగవాళ్లని అడిగి చేసిన అధ్యయనం 1994లో వచ్చింది. ఏదో ఒక మోతాదులో ఈ ఇబ్బంది ఉన్నవాళ్లు అందులో నూటికి 52 మంది. వయసుతో పెరుగుతుంది, నిజమే. జుట్టు నెరవడమూ వయసుతో వచ్చేదే. ఛాతీలో నొప్పీ వయసుతో వచ్చేదే. మొదటిదాన్ని అలా వదిలేస్తాం, రెండోదాన్ని వదలం. దీన్ని మనం జుట్టు పక్కన పెట్టాం, పెట్టవలసింది నొప్పి పక్కన. ఆలుమగలకి దీని మీద ఆసక్తి ఉందో లేదో వాళ్ల ఇష్టం. డాక్టరుకి మాత్రం ఆసక్తి ఉండాలి.

మందు కథ కూడా గుండె దగ్గరే మొదలైంది. 1990ల మొదట్లో ఇంగ్లండులోని శాండ్‌విచ్ అనే ఊళ్లో ఫైజర్ కంపెనీ శాస్త్రజ్ఞులు ఛాతీనొప్పికని ఒక మాత్రని పరీక్షించి చూశారు. నొప్పికి అది పెద్దగా పనికిరాలేదు. మాత్ర వేసుకున్న వాలంటీర్లు మాత్రం వేరే ఫలితం చెప్పారు, సిగ్గుపడుతూనే. ఆ మాత్రే సిల్డెనాఫిల్. పీడీఈ5 ఎంజైముని ఆపుతుంది, సీజీఎంపీ విరిగిపోకుండా కాస్సేపు నిలుస్తుంది. 1998 మార్చి 27న అమెరికా అనుమతి దొరికింది, వయాగ్రా పేరుతో బజారుకొచ్చింది. అదే ఏడు నైట్రిక్ ఆక్సైడ్ చేసే పనిని కనిపెట్టినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురికి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ బహుమతి పెట్టిన నోబెల్ దొర నైట్రోగ్లిజరిన్‌తో డైనమైటు చేసి డబ్బు గడించినవాడు. ముసలితనంలో గుండెనొప్పికి డాక్టర్లు ఆయనకి రాసిన మందు ఆ నైట్రోగ్లిజరినే. ఒంట్లో అది పనిచేసేది నైట్రిక్ ఆక్సైడు రూపంలోనని తేలింది ఆయన పోయిన ఎన్నో దశాబ్దాలకి.

ఈ మందుకి ముందు ఇంకో దారి ఉండేది, అవయవంలోకే సూది. 1983లో లాస్‌వేగాస్‌లో అమెరికా యూరాలజిస్టుల సభలో బ్రిటిష్ శాస్త్రవేత్త గైల్స్ బ్రిండ్లీ దాని మీద ఉపన్యాసం ఇచ్చాడు. సభకి వచ్చేముందు హోటలు గదిలో తనకి తానే సూది వేసుకుని, మాటల మధ్య వేదిక మీదే ఫలితం చూపించాడు. ముందువరసలో ఆడవాళ్లు కేకలు వేశారంటారు. ఉపన్యాసాల చరిత్రలో అంత నిజాయతీ ఇంకోటి లేదు. కంగారుపడకండి, ఆయన బాటలో నడిచే ఉద్దేశం నాకు లేదు.

ఆ మాత్ర ఇప్పుడు మన దేశంలో చవకగానే దొరుకుతుంది. డాక్టరు చీటీ మీదే అమ్మాలని చట్టం. చీటీ లేకుండా ఇస్తారని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ‘వేసుకున్నానండీ, పనిచెయ్యలేదు’ అన్నవాళ్లని తరచి అడిగితే సగంమంది సంగతి ఒకటే. కడుపు నిండా బిర్యానీ తిని వేసుకున్నాడు. కొవ్వు తిండి సిల్డెనాఫిల్ పనిని ఆలస్యం చేస్తుంది. లేదా క్వార్టరు తాగాక వేసుకున్నాడు. లేదా వేసుకుని, అదే లేస్తుందని గోడకేసి చూస్తూ పడుకున్నాడు. ఆ మాత్ర కోరిక పుట్టించదు. కోరిక పుట్టాక తెరుచుకున్న మడవని తెరిచి ఉంచుతుంది, అంతే. గంట ముందు వేసుకోవాలి, ఒక్కసారికే వదిలెయ్యకూడదు. టాడలాఫిల్ అనే దాని ప్రభావం 36 గంటల దాకా ఉండవచ్చు, తిండితో దానికి పేచీ తక్కువ.

ఇప్పుడు చెప్పేది చెవిన వేసుకోండి, ఆడవాళ్లు కూడా. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేటు ఉంటుంది. ఈ సభలో కొందరి జేబుల్లో ఇప్పుడే ఉండి ఉంటుంది. అది నైట్రేటు జాతి. ఒకవైపు నుంచి అది సీజీఎంపీని పెంచుతుంది, ఇంకోవైపు నుంచి ఈ మాత్ర దాన్ని విరగనివ్వదు. రెండూ కలిస్తే బీపీ పాతాళానికి పోతుంది, ప్రాణం పోవచ్చు. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లోపు, టాడలాఫిల్ అయితే 48 గంటల్లోపు, నైట్రేటు తగలకూడదు. ఛాతీనొప్పితో ఆసుపత్రికి వెళ్లినప్పుడు పెళ్లాం పక్కనున్నా సరే, ఆ మాత్ర వేసుకున్న సంగతి డాక్టరుకి చెప్పాలి. ప్రోస్టేటుకి టామ్సులోసిన్ లాంటివి వాడేవాళ్లు కూడా ముందే చెప్పాలి. స్తంభన నాలుగు గంటలు దాటి తగ్గకపోతే అది గొప్ప కాదు, ఆపద. పరుగెత్తాలి.

సిగ్గు లాడ్జికి చేర్చే ప్రమాదం ఇక్కడే ఉంది. ‘పూర్తిగా మూలికలే’ అని అమ్మే పొడుల్లో, గుళికల్లో డబ్బా మీద రాయకుండా సిల్డెనాఫిల్ కలపడం లోకమంతటా పట్టుబడుతున్న మోసం. అమెరికా ఔషధ సంస్థ అలాంటి వాటి మీద ఏటా హెచ్చరికలు జారీచేస్తూనే ఉంది. మూలిక అనుకుని మింగినవాడికి, ఛాతీనొప్పి వచ్చినప్పుడు డాక్టరుకి చెప్పాలని ఎలా తోస్తుంది? ఆ గోనెసంచిలోని డబ్బాల్లో ఏముందో నేను పరీక్ష చేయించలేదు. ఆవిడ అప్పటికే సారద ఏట్లో కలిపేసింది.

ఈ గోడకాగితాలు చట్టవిరుద్ధమని ఎంతమందికి తెలుసు? 1954లోనే పార్లమెంటు ఒక చట్టం చేసింది. లైంగిక సామర్థ్యం నిలబెడతాం, పెంచుతాం అని ఏ మందుకీ ప్రకటన ఇవ్వకూడదు. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల దాకా జైలు. డెబ్బయ్యేళ్లుగా ఆ చట్టం ఉంది, డెబ్బయ్యేళ్లుగా గోడలూ ఉన్నాయి. నేను ఆయుర్వేదాన్ని తిట్టడం లేదు. చరకుడు క్లైబ్యాన్ని నాలుగు రకాలుగా విడదీశాడు: బీజం దెబ్బతిన్నది, ధ్వజం భంగపడ్డది, ముసలితనంతో వచ్చినది, శుక్రం క్షీణించినది. కారణం వేరైతే రోగం వేరు అని ఆయనకి తెలుసు. లాడ్జిలో కూర్చున్నవాడికి నాలుక్కీ ఒకటే డబ్బా.

మనకేమో ఒకటే మాట, మగతనం. కోరిక లేకపోవడం, స్తంభన లేకపోవడం, తొందరగా అయిపోవడం, పిల్లలు పుట్టకపోవడం, ఈ నాలుగూ నాలుగు వేరువేరు సంగతులు. స్తంభన చక్కగా ఉన్నవాడికి వీర్యకణాలు లేకపోవచ్చు. స్తంభన లేనివాడికి కణాలు నిండుగా ఉండవచ్చు. ఈ తేడా తెలియక ఎన్ని ఇళ్లల్లో గొడ్రాలు అనే మాట ఆడదాని మీద పడిందో! 1992లో అమెరికాలో ఆరోగ్య సంస్థల సమావేశం ‘నపుంసకత్వం’ అనే అర్థమిచ్చే పాత ఇంగ్లీషు మాటని పక్కన పెట్టి, ‘స్తంభన లోపం’ అనే అర్థమొచ్చే మాట వాడాలని తీర్మానించింది. మనకి అలాంటి తీర్మానం ఎవరూ చేయలేదు. విజయవాడ డాక్టరు సమరం గారు స్వాతి వారపత్రికలో ఏళ్ల తరబడి జవాబులు రాస్తూ ఈ మాటల్ని మెల్లగా ఇళ్లల్లోకి తెచ్చారు. ఆ పేజీని అందరూ చదివేవాళ్లు. పత్రిక టీపాయ్ మీద పెట్టేటప్పుడు ఇంకో పేజీ తెరిచి పెట్టేవాళ్లు.

బీపీ మాత్రల గురించి ఒక మాట. అటెనొలాల్ వంటి పాతరకం బీటా బ్లాకర్లు, నీరు తీసే థయాజైడు మాత్రలు, మానసిక వ్యాకులతకి ఇచ్చే కొన్ని మందులు కొందరిలో ఈ ఇబ్బంది తెస్తాయి. అది పసిగట్టిన మగవాడు ఎవరికీ చెప్పకుండా బీపీ మాత్ర మానేస్తాడు. పక్షవాతం వచ్చాక మాకు తెలుస్తుంది. మార్చడానికి వేరే మాత్రలున్నాయి. అడిగితే రెండు నిమిషాల పని.

మాత్ర పనిచేయనివాళ్లకీ దారులున్నాయి. గాలి లాగే పంపు పరికరం, సూది, చివరికి శస్త్రచికిత్సతో లోపల అమర్చే కృత్రిమ దండం, 1973 నుంచీ ఉన్నదే. విశాఖ కేజీహెచ్‌లో యూరాలజీ విభాగం ఉంది. ఇక్కణ్ణించి వెళ్లి రావడం ఒక పూట పని. అసలు మందు కంటే ముందు చేయవలసింది పూడిక తీయడం. 2004లో ఇటలీలో ఊబకాయం ఉన్న మగవాళ్లతో రెండేళ్లు తిండి తగ్గించి, నడక పెంచి చూస్తే, మూడింట ఒకవంతు మందికి స్తంభన మామూలుకొచ్చింది. అదే గుండెకీ మందు. ఒకే కాలవ కదా.

ఆశా కార్యకర్త ఇంటింటికీ వచ్చి నింపే కాగితం మీరు చూసే ఉంటారు. వయసు, పొగ, మందు, నడుం కొలత, ఇంట్లో ఎవరికైనా సుగరుందా, అన్నీ అడుగుతుంది. ఇది అడగదు. ఊళ్లో ఆడపిల్ల వీధి అరుగు మీద కూర్చుని మగవాళ్లని ఇది అడగాలని నేను అనను. కానీ ఊరి క్లినిక్కులో నలభై దాటిన మగవాడికి బీపీ పట్టీ కట్టినప్పుడు, తలుపు వేసి, ‘రాత్రుళ్లు ఎలా ఉంటోంది బాబాయ్?’ అని అడగవచ్చు. ఆసుపత్రి వదిలేదాకా చివరి పదేళ్లు నేను అలా అడిగాను. పదిమందిలో ఒకడు కోప్పడేవాడు. ముగ్గురు నలుగురు తలుపు వైపు చూసి, కుర్చీ ముందుకి జరుపుకునేవాళ్లు.

నిధి సంగతి మాట్లాడ్డానికి ఆవిడ మా ఇంటికొచ్చినప్పుడు ఇదంతా ఆవిడకి చెప్పాను. మడవ, గండి, శివారు, అన్నీ. నా తప్పు కూడా చెప్పాను. దానికేమీ అనలేదు. చాలాసేపు కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

‘కళ్లంలో పడుకున్నన్నాళ్లూ నా మీద కోపమనుకున్నాను బాబూ. ఓ పాలి అడిగీసినాను కూడాను. నీ మీద కోపమేటే పిచ్చిదానా అన్నాడు.’ మళ్లీ కాసేపు ఆగింది. ‘అప్పుడు నమ్మనేదు.’